బాహుదా తీరమున పసిఫిక్ వేడి

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని పెద్దలందురు. ఆ దినములలో కాణిపాకమునకు బోయి, వినాయకుని దర్శించి, మధ్యాహ్నవేళ బాహుదానదిలోనికి దిగినవారికి ఈ మాట అతిశయోక్తిగా దోపదు. లిఖితునకు కోల్పోయిన బాహువుల నొసగుటచే నదికి ఆ పేరు వచ్చెనని ఐతిహ్యము. వేసవిలో బాహుద యొసగునది అరికాళ్లు కాల్చు ఇసుకయే!

ఈ వేడికి కారణమేమని యడిగినచో విద్యార్థులు సూర్యుడందురు. నిజమే, కాని సగము నిజము. సూర్యుడు ఏటేట నట్లే కాయుచుండగా, ఒక యేటి మే నెల ఓర్వదగినదై, మరియొక యేటిది ప్రాణాంతకమగుటకు గాలియు, సముద్రమును కారణములు.

2015 మే నెల కడపటి దినములను స్మరింపుడు. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో రెండువేలమందికి పైగా వడదెబ్బకు బలియైరి. వారిలో పెక్కురు కూలివారు, వృద్ధులు. నాడు వాయవ్యమునుండి పొడిగాలి యెడతెగక వీచినది. సాధారణముగా మధ్యాహ్నమునకు సముద్రపుగాలి లేచి తీరవాసుల తాపమును తగ్గించును. వాయవ్యపుగాలి బలిసినపుడు అది లోనికి రాజాలదు. సముద్రమునకు నూరు కిలోమీటర్లకు పైగా దూరమున నున్న కాణిపాకము వంటి యూళ్లకు ఆ చల్లదనము మామూలునాడే యరుదు. పైగా, ఎత్తునుండి దిగు గాలి ఒత్తిడికి లోనై కిలోమీటరునకు సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కును, మబ్బు గట్టనీయదు. సైకిలు పంపు కొట్టునపుడు దాని యడుగు కాలుట బాలురెరిగినదే.

ఈ కథకు దూరపు మూలమొకటి పసిఫిక్‌లో నున్నది. క్రిస్మస్ ప్రాంతమున తమ తీరమున వెచ్చబడు నీటిని పెరూ జాలరులు ‘ఎల్ నినో’, అనగా బాలయేసు, అని పిలిచిరి. 1904లో మన వాతావరణశాఖకు అధిపతియైన గణితవేత్త గిల్బర్ట్ వాకర్, ఋతుపవనముల పోకడను ముందుగా నెరుగ యత్నించుచు, పసిఫిక్‌లో వాయుపీడనము పెరిగినపుడు హిందూమహాసముద్రమున తగ్గుటయు, అది తగ్గినపుడు ఇది పెరుగుటయు గమనించి, దానికి దక్షిణాందోళనమని పేరిడెను. దానిని సముద్రపు వేడితో ముడివేసినవాడు 1969లో బ్యెర్క్‌నెస్. పసిఫిక్ నడుమను, తూర్పునను నీరు వేడెక్కినచో గాలి పైకెగయు తావు అటు జరుగును; మనవైపున గాలి దిగుట హెచ్చును. తొలకరి వెనుకబడిన తడిలేని నేలపై ఎండ యంతయు గాలిని కాల్చుటకే వినియోగపడును.

2015లో ఎల్ నినో మిక్కిలి ప్రబలము. వింతయేమన, ఆ యేడే నవంబరున చిత్తూరు, నెల్లూరు జిల్లాలను కుంభవృష్టి ముంచెత్తెను. ఎల్ నినో నాడు నైఋతి క్షీణించినను ఈశాన్యము పుంజుకొనుట తరచు కలదు. ఇది తప్పని సూత్రమనరాదు. 1997లో ఎల్ నినో ఉగ్రమైనను, హిందూమహాసముద్రపు పడమటిభాగము వెచ్చబడుటచే దేశమున వానలు చక్కగనే కురిసెను.

నేడు పసిఫిక్ వార్త నెలలముందుగను, వడగాలి వార్త దినములముందుగను మనకు తెలియుచున్నది. బడులు ఒంటిపూటతో ముగియును. నాటి కూలి విడువజాలనివాడు మాత్రము పన్నెండు గంటలకును చేనిలోనే యుండును.