మారిషస్‌లో మారిషస్ అడవి ఎక్కడ?

మారిషస్ ద్వీపం హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున సుమారు 900 కిలోమీటర్ల దూరంలో ఉంది. దాదాపు 80 లక్షల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి ఏర్పడిన ఈ నేల ఏ ఖండంతోనూ ఎన్నడూ కలిసి లేదు. కాబట్టి ఇక్కడి జీవులన్నిటి పూర్వీకులూ గాలిలో ఎగిరో, అలల మీద కొట్టుకొచ్చో చేరినవే. గబ్బిలాలను మినహాయిస్తే నేలమీది క్షీరదం ఒక్కటి కూడా తనంత తానుగా ఇక్కడికి రాలేకపోయింది. పిల్లి, నక్క, ఎలుక లేని చోట పక్షులకు ఎగరవలసిన అవసరం తగ్గింది. ఆకులు మేసే పని తాబేళ్లకు, పూల తేనె తాగి పుప్పొడి మోసే పని కొంతవరకు బల్లులకు దక్కింది. సహజంగా పెరిగే పూలమొక్కల జాతులు 691 ఉంటే, వాటిలో 273 ప్రపంచంలో మరెక్కడా లేవు.

అయితే విమానం దిగి సముద్రతీరం వైపు వెళ్లే ప్రయాణికుడికి ఇవేవీ కంటపడవు. దారి పొడవునా చెరకు తోటలు, తీరం వెంట సరుగుడు చెట్లు, ఎర్రగా పూసిన తురాయిలు, హోటల్ పెరట్లో గోరింకలు, సిగముడితో పిగిలిపిట్టలు. తెలుగు నేల నుంచి వెళ్లినవారికి సొంత ఊరే గుర్తొస్తుంది. వీటిలో ఏదీ ఈ ద్వీపానిది కాదు. తురాయి మడగాస్కర్ చెట్టు. గోరింకను 18వ శతాబ్దంలో, పిగిలిపిట్టను 1892లో మనుషులే తెచ్చారు. చెక్కుచెదరని సహజారణ్యం ద్వీప వైశాల్యంలో రెండు శాతం కూడా మిగలలేదు. ప్రకృతిని చూడాలని వెళ్లేవారు ఆ కాస్త అడవినే వెతుక్కుంటూ పోవాలి.

అడవి తరిగిన చరిత్ర పొడవైనదేమీ కాదు. 1598లో డచ్చివారు వచ్చేదాకా ఇక్కడ మనుషులు స్థిరపడలేదు. వాళ్లు నల్లచేవ కోసం ఎబొని చెట్లు నరికారు, 1639లో జావా నుంచి జింకలు తెచ్చారు. ఓడలతో పాటు ఎలుకలు, పందులు, కోతులు దిగాయి. ఎగరలేని డోడో నేలమీద పెట్టే గుడ్డు వీటన్నిటికీ సులువుగా దొరికే తిండి. డోడోను చివరిసారి చూసిన ఏడాదిగా ఎక్కువమంది అంగీకరించేది 1662. అంటే డచ్చివారు అడుగుపెట్టిన 64 ఏళ్లకే ఆ పక్షి కథ ముగిసింది. డోడో ఒక పావురం. బతికున్న పక్షుల్లో దాని దగ్గరి బంధువు నికోబార్ పావురమని డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి. తర్వాత ఫ్రెంచివారి, ఆంగ్లేయుల కాలంలో మైదానాలన్నీ చెరకు కిందికి వచ్చాయి. ఆ తోటల్లో పనికి 1834 నుంచి భారతదేశపు కూలీలను ఒప్పందాల మీద తీసుకెళ్లారు. కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువారూ వారిలో ఉన్నారు. వారి సంతతి జరుపుకునే ఉగాది ఇప్పుడు మారిషస్‌లో జాతీయ సెలవుదినం.

ఒక జంతువు పోతే దానితో పాటు అది అడవిలో చేసే పనీ ఆగిపోతుంది. మారిషస్ శాస్త్రవేత్తలకు అన్నిటికన్నా కష్టమైన సమస్య ఇదే. ఇక్కడి రెండు జాతుల పెద్ద తాబేళ్లూ అంతరించాయి. అవి తినే పండ్లు మాత్రం చెట్లకు కాస్తూనే ఉన్నాయి. ఆగ్నేయ తీరాన మాయెబూర్‌కు ఎదురుగా, 26 హెక్టార్ల పగడపు రాతి దీవి ఇల్ ఓ ఎగ్రెట్‌లో ఇది స్పష్టంగా కనిపించింది. అక్కడి ఎబొని చెట్టు బీడీ ఆకులిచ్చే తునికికి దగ్గరి చుట్టం. దాని కాయలు కొమ్మల చివర కాకుండా మాను మీద, లావు కొమ్మల మీద, తాబేలు మెడ చాస్తే అందే ఎత్తులో కాస్తాయి. తినేవారు లేక పండ్లు తల్లిచెట్టు మొదట్లోనే రాలి కుళ్లేవి. వంటచెరకు కోసం చెట్లు నరికేసిన జాగాల్లోకి ఎబొని తిరిగి పాకలేకపోయింది. 2000లో సీషెల్స్‌కు చెందిన అల్డాబ్రా జాతి పెద్ద తాబేళ్లను తెచ్చి ఇక్కడ వదిలారు. పండ్లు మింగి, నెమ్మదిగా నడుస్తూ, దూరాన పెంటతో పాటు అవి గింజలను వదిలాయి. తాబేలు కడుపులోంచి వచ్చిన గింజ మామూలు గింజ కన్నా బాగా మొలిచింది. నరికేసిన జాగాల్లో ఎబొని మొలకలు మళ్లీ కనిపించాయి. పోయిన జీవి స్థానంలో దాని పని చేయగల మరో జీవిని నిలపడం ఎంత ధైర్యమైన ప్రయోగమో ఆ మొలకల పక్కన నిలబడితే అర్థమవుతుంది.

తంబలకోక్ అనే చెట్టు గురించి చెప్పే కథను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. దాని గింజ డోడో కడుపులో అరిగితేనే మొలుస్తుందని 1977లో శాస్త్రవేత్త స్టాన్లీ టెంపుల్ ప్రతిపాదించారు. కథ అందమైనది, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. కానీ డోడో సాయం లేకుండానే ఆ గింజలు మొలుస్తాయని తర్వాత తేలింది. పందులు, కోతులు, జింకలు, పరాయి కలుపు మొక్కలు అన్నీ కలిసి ఆ చెట్టును దెబ్బతీశాయి.

ద్వీపంలో అతి పెద్ద అడవి బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయవనం. 1994లో ఏర్పడింది, వైశాల్యం 6,574 హెక్టార్లు. ఇక్కడా చాలా భాగాన్ని బ్రెజిల్ నుంచి వచ్చిన చీనీ జామ కమ్మేసింది. దాని పండును కోతులు, పందులు ఇష్టంగా తిని గింజలు వెదజల్లుతాయి. కొన్ని చోట్ల కంచె కట్టి, జామను వేళ్లతో సహా పెరికి, స్థానిక మొక్కలను కాపాడుతున్నారు. కంచెకు ఒక పక్క జామ పొదల కింద నేల బోడిగా ఉంటుంది. మరో పక్క పదుల రకాల మొలకలు.

ఇక్కడి మొగలి పొదల దగ్గర ఆగి చూడాలి. ఆకుల మధ్య ఆకుపచ్చని ఒళ్లు, నీలి తోక ఉన్న బల్లి పగటిపూటే తిరుగుతుంటుంది. పక్కనే ట్రొకేషియా అనే పొద ఉంటే, గంటలా వంగిన పూవులోకి తల దూర్చి తేనె నాకుతుంది. ఆ తేనె రంగు వింతైనది. ప్రపంచమంతటా దాదాపు అన్ని పూలలోనూ తేనెకు రంగుండదు. మారిషస్‌లోని మూడు జాతుల పూలలో అది పసుపు నుంచి ఎరుపు వరకు రంగుదేరి ఉంటుంది. రంగు తేనె బల్లులను ఆకర్షిస్తుందని ప్రయోగాలు చూపాయి. మొగలి ఆకుల ముళ్ల మధ్య దాక్కుంటే బల్లికి డేగ భయం లేదు. కాబట్టి మొగలికి దగ్గరగా ఉన్న ట్రొకేషియాలకే బల్లులు ఎక్కువగా వస్తాయి, వాటికే కాయలూ ఎక్కువ. రూసియా అనే మరో మొక్కకు పుప్పొడి మోసేదీ, గింజలు చల్లేదీ ఈ బల్లే. బయటి నుంచి వచ్చిన ఒక చీమ ఆ పూలలో పిండినల్లిని కాస్తూ బల్లిని రానివ్వడం లేదు.

బల్లులను వేటాడే ఆ డేగే మారిషస్ కెస్ట్రెల్. చెట్ల కింద ఇరుకులో మలుపులు తిరగడానికి వీలుగా దాని రెక్కలు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. అడవులు పోవడం, మలేరియా నివారణకు చల్లిన డీడీటీ గుడ్ల పెంకులను పలచబరచడం వల్ల 1974 నాటికి అడవిలో నాలుగే మిగిలాయి. అందులో గుడ్లు పెట్టగల ఆడది ఒక్కటే. 1979లో వచ్చిన జీవశాస్త్రవేత్త కార్ల్ జోన్స్ కొండచరియల్లోని గూళ్ల నుంచి గుడ్లు తీసి పొదిగించారు. గుడ్లు పోతే తల్లి మళ్లీ పెడుతుందన్న నమ్మకమే ఈ పద్ధతికి ఆధారం. ఇప్పుడు ఈ డేగలు వందల్లో ఉన్నాయి. తూర్పు కొండల్లోని ఫెర్నే లోయలో చూడవచ్చు. 1990 ప్రాంతంలో అడవిలో పది వరకే ఉన్న గులాబి పావురాలు ఐదు వందలకు చేరువయ్యాయి. ఎకో చిలుకలదీ ఇలాంటి కథే. తీరంలో కనిపించే రామచిలుక బయటి నుంచి తెచ్చినది కాబట్టి రెంటినీ పొరబడకూడదు.

ఉత్తరాన సముద్రంలో ఉన్న రౌండ్ ఐలండ్‌కు సందర్శకులను అనుమతించరు. మేకలను 1979 నాటికి, కుందేళ్లను 1986లో తొలగించాక అక్కడి పచ్చదనం కోలుకుంది. అక్కడ బతుకుతున్న కీల్-స్కేల్డ్ బోవా పాముకు పైదవడ ఎముక రెండు ముక్కలుగా కదులుతుంది, నునుపైన నలికిరులను అదిమి పట్టడానికి. దాని బంధువైన మరో పాము 1975 తర్వాత కనిపించలేదు. తెలుగు ఊళ్ల నర్సరీల్లోనూ అమ్మే బాటిల్ పామ్ స్వస్థలం ఈ దీవే. మరో పామ్ జాతిలో లోకం మొత్తం మీద ఒకే చెట్టు మిగిలింది. అది క్యూర్‌పిప్ ఉద్యానవనంలో ఉంది. దాని మగపూలు, ఆడపూలు వేర్వేరు సమయాల్లో విచ్చుకుంటాయి కాబట్టి కాయ పట్టడమే కష్టం.

మిగిలిన స్థానిక క్షీరదాల్లో పెద్దది పండ్లు తినే గబ్బిలం. పెద్ద గింజలను మోయగల జీవిగా అడవికి ఇదొక్కటే దిక్కు. లిచీ, మామిడి రైతుల నష్టం పేరుతో 2015 నుంచి ప్రభుత్వం వేల సంఖ్యలో వీటిని చంపించింది. 2018లో ఇది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది. రైతు నష్టం నిజమే అయినా, చెట్లకు వలలు కప్పి పంట కాపాడుకునే మార్గం ఉన్నప్పుడు అడవికి విత్తనాలు చల్లే జీవిని చంపడం సరికాదు. ముప్పు సముద్రం వైపు నుంచీ వస్తుంది: 2020 జులైలో వకాషియో అనే నౌక పగడపు దిబ్బకెక్కి, ఆగస్టులో దాని చమురు ఇల్ ఓ ఎగ్రెట్ వైపు పాకినప్పుడు అరుదైన మొక్కలను, జీవులను కొన్నిటిని అక్కడి నుంచి తరలించవలసి వచ్చింది.

జనవరి నుంచి మార్చి వరకు తుపానులు ఎక్కువ. జాతీయవనంలో పూలు ఎక్కువగా ఉండేది సెప్టెంబరు నుంచి జనవరి దాకా; డేగలు గూళ్లు కట్టేదీ ఆ రోజుల్లోనే. కొన్ని నడకదారులు వనంలోని పెత్రాన్ కేంద్రం దగ్గర మొదలవుతాయి. ఇల్ ఓ ఎగ్రెట్‌కు పడవలో, మార్గదర్శి వెంట మాత్రమే వెళ్లాలి.