రైతుల డాలు మీద రౌతు

జర్మనీకి ఉత్తరాన, నార్త్ సీ ఒడ్డున డిట్మార్షన్ అనే జిల్లా ఉంది. క్యాబేజీ సాగుకి బాగా పేరున్న చోటు. కానీ ఆ జిల్లా చిహ్నంలో క్యాబేజీ ఉండదు, నాగలీ ఉండదు. ఎర్రటి డాలు, దాని మీద పరిగెత్తే తెల్ల గుర్రం, ఆ గుర్రం మీద కవచం తొడుక్కుని కత్తి ఎత్తిన రౌతు. చూడగానే ఎవరో వీళ్ళ పాత రాజుగారేమో అనిపిస్తుంది. విచిత్రం ఏంటంటే, ఈ నేల ఒకప్పుడు రాజులని దగ్గరికి రానివ్వని రైతులది.

ముందు రంగుల సంగతి చూద్దాం. యూరప్ చిహ్నాలకి ఒక పాత రూల్ ఉంది. బంగారం, వెండి లోహాలు. వాటిని పసుపు, తెలుపుగా కూడా వేస్తారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు రంగులు. రంగు మీద రంగు, లోహం మీద లోహం వెయ్యకూడదు. ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టాలి కదా! మనం యాప్ స్క్రీన్‌కి కాంట్రాస్ట్ చూసుకున్నట్టే. అందుకే ఎరుపు మీద వెండి రౌతు అంత స్పష్టంగా కనిపిస్తాడు.

ఇక అసలు కథ. మధ్యయుగంలో డిట్మార్షన్ పేరుకి బ్రెమెన్ ఆర్చిబిషప్ కింద ఉన్నా, నడిపింది మాత్రం రైతులే. 15వ శతాబ్దం నుంచి 48 మంది పెద్దల సభ ఒకటి తీర్పులు చెప్పేది. వాళ్ళు కొలిచింది మేరీమాతని.

1500 ఫిబ్రవరి 17న డెన్మార్క్ రాజు హాన్స్ పెద్ద సైన్యంతో వచ్చాడు. హెమ్మింగ్‌ష్టెట్ దగ్గర రైతులు తూములు తెరిచి సముద్రపు నీళ్ళు వదిలారు. దారి ఇరుకు, చుట్టూ బురద. బరువైన కవచాలతో ఉన్న రౌతులు కదల్లేక చిక్కుకుపోయారు. తేలిగ్గా వచ్చిన రైతులు గెలిచారు.

కానీ 1559లో డెన్మార్క్ రాజు రెండో ఫ్రెడరిక్, హోల్‌ష్టైన్ డ్యూకులు కలిసి మళ్ళీ వచ్చి డిట్మార్షన్‌ని ఓడించారు. రౌతు బొమ్మ వచ్చింది ఆ తర్వాతే. అంటే ఆ బొమ్మ పెట్టింది గెలిచినవాళ్ళు! రాజు దాన్ని తన రాజచిహ్నంలో కూడా చేర్చుకున్నాడు. తర్వాతి కాలంలో జనం ఆ రౌతుని సెయింట్ జార్జ్ అని, మా నేలని కాపాడే దేవుడని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఓడించినవాడి గుర్తుకి మెల్లగా సొంత అర్థం ఇచ్చుకున్నారన్నమాట.

1864 యుద్ధంలో డెన్మార్క్ ఈ ప్రాంతాన్ని పోగొట్టుకుంది. అయినా డెన్మార్క్ రాజచిహ్నంలో రౌతు ఇంకో వందేళ్ళకి పైగా ఉండిపోయాడు. 1972లో రాణి రెండో మార్గరెట్ వచ్చాకే తీసేశారు. ఇటు 1970లో ఉత్తర, దక్షిణ డిట్మార్షన్ జిల్లాలు ఒకటయ్యాయి. ఆ కొత్త జిల్లా రౌతుని వదల్లేదు. తెచ్చినవాళ్ళు తీసేశారు, ఓడినవాళ్ళు ఉంచుకున్నారు.

అందుకే ఏదైనా చిహ్నం చూసినప్పుడు అందులో ఏముందో ఒక్కటే కాదు, అది ఏ సంవత్సరంలో వచ్చిందో, ఎవరు పెట్టారో కూడా అడగండి. బొమ్మ చెప్పని సగం కథ అక్కడే దొరుకుతుంది.