మదీనాగూడలో 99 రూపాయల పిజ్జా భోజనం

హైదరాబాద్‌లో మియాపూర్ మెట్రో దిగి చందానగర్ వైపు వెళ్లాలంటే మదీనాగూడ మీదుగానే పోవాలి. అందరూ ముంబై హైవే అనే ఎన్‌హెచ్ 65కి అటూ ఇటూ మాల్, బట్టల షోరూములు, టిఫిన్ సెంటర్లు, బిర్యానీ హోటళ్లు. వాటి మధ్యలో పిజ్జా చైన్ల బోర్డులు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ ఇక్కడ అద్దెకుండేవాళ్లు చాలామంది. ఇంటి నుంచి పనిచేసే రోజున మధ్యాహ్నం వండుకునే తీరిక ఉండదు. అలాంటప్పుడు ‘లంచ్ 99 నుంచి’ అన్న బోర్డు కనబడితే కాళ్లు అటే పోతాయి. వంద లోపు డబ్బుతో, ఏసీలో కూర్చుని, వేడి పిజ్జా. ఇది దుకాణానికెలా గిడుతుంది? మనకెంత వరకు గిడుతుంది?

ముందు ధర కథ చూద్దాం. పిజ్జా చైన్ డామినోస్ మన దేశంలో మొదటి దుకాణం తెరిచింది 1996లో, ఢిల్లీలో. దాన్ని నడిపే జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ 2008లో ‘పిజ్జా మానియా’ పేరుతో చిన్న పిజ్జాను 35 రూపాయలకు తెచ్చింది. కాలేజీ పిల్లలూ పిజ్జా దుకాణం మెట్లెక్కగల ధర అది. పదిహేనేళ్ల తర్వాత, 2023లో, అదే కంపెనీ 7 అంగుళాల పిజ్జాను 49 రూపాయలకు అమ్మింది. ఆ పదిహేనేళ్లలో దేశంలో వినియోగ ధరలు రెట్టింపుకు మించి పెరిగాయి. మరి పిజ్జా 35 నుంచి 49 దగ్గరే ఎలా ఆగింది? పైన వేసే సరుకు తగ్గింది కాబట్టి. ఆ 49 రూపాయల పిజ్జా మీద చీజ్, కాస్త తులసిజాతి ఆకుల పొడి తప్ప పెద్దగా ఏమీ లేదు. దుకాణంలోనే తినేవాళ్లకు ఇచ్చే అట్టపెట్టెకు మూత కూడా తీసేశారు. 99 రూపాయల నుంచి మొదలయ్యే మధ్యాహ్న భోజనం వచ్చిందీ ఆ ఏడాదే.

ఇప్పుడు అసలు కిటుకు. జూబిలెంట్ లెక్కల ప్రకారం, పన్ను పోగా వచ్చే ప్రతి 100 రూపాయల అమ్మకంలో సరుకులకు, ప్యాకింగ్‌కు అయ్యే ఖర్చు దాదాపు 25 రూపాయలు. వడ్డీ, తరుగుదల, పన్నులు తీయకముందు మిగిలేది సుమారు 20. మధ్యలో ఉన్న 55 రూపాయలు జీతాలు, కరెంటు, ప్రకటనలు, డెలివరీ వంటి వాటికి పోతాయి. ఈ 55లో పెద్ద భాగం కస్టమర్ వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే. పిజ్జా దుకాణానికి గిరాకీ సాయంత్రం, శని ఆదివారాల్లో. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఓవెన్ వేడిగానే ఉంటుంది, కుర్రాళ్లు షిఫ్టులోనే ఉంటారు, కుర్చీలు మాత్రం ఖాళీ. ఆ వేళలో మనకు 99కి అమ్మితే, సరుకు ఖర్చు తీసేయగా వచ్చిన ప్రతి రూపాయీ అద్దెకు ఆసరానే. అందుకే చవక లంచ్ మధ్యాహ్నానికే పరిమితం. ఇందులో మోసమేమీ లేదు. ఖాళీ గంటను చవగ్గా అమ్ముతున్నారు, ఆ గంటలో వీలున్నవాళ్లు కొనుక్కుంటున్నారు. ఇది ఇద్దరికీ లాభమైన బేరమని నేను గట్టిగానే అంటాను.

బేరం చెడేది కౌంటర్ దగ్గర. 99కి జీఎస్టీ 5 శాతం కలిపితే 103 రూపాయల 95 పైసలు. 104 అనుకోండి. అక్కడ ఆగితే సరే. ‘చీజ్ ఎక్స్‌ట్రా వేయమంటారా, కూల్‌డ్రింక్ కలపమంటారా’ అన్న ప్రశ్నకు రెండుసార్లు తలూపితే? లెక్క కోసం చీజ్ 75, డ్రింక్ 60 అనుకుందాం. మొత్తం 234, పన్నుతో 245 రూపాయల 70 పైసలు. నెలకు 22 పనిదినాలు వేసుకుంటే మొదటి దారిలో 2,287 రూపాయలు, రెండో దారిలో 5,405. 99 రూపాయల బోర్డు మనల్ని లోపలికి పిలుస్తుంది. దుకాణానికి లాభం ఆ రెండు తలూపుల్లో ఉంటుంది. నీళ్ల సీసా సంగతీ అంతే. కూర్చుని తినే చోట సీసా నీళ్లను ఎమ్మార్పీకి మించి అమ్ముకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటే ఆ ఖర్చే ఉండదు.

ఇద్దరు కలిసి వెళ్తే సైజు లెక్క కూడా వేసుకోవాలి. గుండ్రటి వస్తువుకు అంగుళాలు మోసం చేస్తాయి. 7 అంగుళాల పిజ్జా వైశాల్యం 38 చదరపు అంగుళాల పైచిలుకు, 10 అంగుళాలది 78. అంటే మూడంగుళాలు పెరిగితే తిండి రెట్టింపవుతుంది. అంచున అర అంగుళం ఖాళీ పిండిని వదిలేసి చూస్తే, చిన్నదాంట్లో టాపింగ్ ఉండే చోటు 73 శాతం, పెద్దదాంట్లో 81. కాబట్టి 10 అంగుళాలది రెండు చిన్నవాటి ధర కన్నా తక్కువకు దొరికితే అదే తీసుకోండి. లంచ్ ఆఫర్లో చిన్నది మరీ చవకైతే మాత్రం రెండు చిన్నవే నయం.

ఇంటికి తెప్పించుకుంటే ఈ లెక్కలన్నీ తారుమారు. జొమాటో 2023 ఆగస్టులో 2 రూపాయలతో మొదలుపెట్టిన ప్లాట్‌ఫామ్ ఫీజు 2025 సెప్టెంబరుకు 12 అయింది. దాని మీద డెలివరీ ఛార్జీ, ప్యాకింగ్. వంద రూపాయల తిండి మీద ఇవన్నీ పడితే చవక అన్న మాటకు చోటు లేదు. మదీనాగూడ ట్రాఫిక్ ఎంత విసిగించినా, నడిచి వెళ్లగలిగితేనే ఇది చవక భోజనం.

పన్ను మాట కూడా చెప్పుకోవాలి. 2025 సెప్టెంబరు 22న చీజ్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పిజ్జా బ్రెడ్ మీద పూర్తిగా పోయింది. ధర తగ్గాలి కదా అని చాలామంది అడిగారు. 5 శాతం పన్ను వేసే హోటళ్లకు సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు కనుక ఈ తగ్గింపు వాళ్లకు నిజంగా కలిసొచ్చేదే. కానీ ఒక చిన్న పిజ్జాలో 10 రూపాయల చీజ్ ఉందనుకుంటే, మిగిలేది 70 పైసలు.

డబ్బు సరే, కడుపు మాటేమిటి? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల రోజుకు సూచించిన పళ్లెంలో కూరగాయలు 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు. చిన్న పిజ్జా మీది ఉల్లి, క్యాప్సికం ముక్కలు ఆ లెక్కకు ఏ మూలకూ చాలవు. చాలా కూల్‌డ్రింకుల్లో ప్రతి 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల పైనే చక్కెర. 250 మిల్లీలీటర్ల గ్లాసుతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ మించకుంటే మేలని చెప్పిన 25 గ్రాములు దాటిపోతాయి. ఆ గ్లాసు వద్దంటే జేబుకూ ఒంటికీ మేలు.

ఇదే నగరంలో పురపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ 2014 నుంచి 5 రూపాయలకు అన్నం, పప్పు లేదా సాంబారు, కూర, పచ్చడి పెడుతోంది. అన్నపూర్ణగా మొదలైన ఆ కేంద్రాలు ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు. 22 రోజులకు 110 రూపాయలు. అక్కడ ఏసీ లేదు, కుర్చీ దొరకడమూ కష్టం, అసలు ఖర్చులో ఎక్కువ భాగం నగరమే భరిస్తోంది. అయినా పప్పూ కూరా ఉన్న పళ్లెం అది.

నా తీర్పు ఇది: వారానికొకసారి, కూర్చుని, ఏమీ కలపకుండా తింటే 104 రూపాయల పిజ్జా మంచి బేరం. రోజూ తినడానికి కాదు. పది చోట్లో అంతకు మించో దుకాణాలున్న చైన్లు మెనూ మీద కేలరీలు చూపించాలన్నది ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. ధర పక్కన ఆ అంకె కూడా చదవండి. బిల్లునూ ఒకసారి చూసుకోండి. క్యారీ బ్యాగుకు 7 రూపాయల 62 పైసలు వసూలు చేసినందుకు ఒక పిజ్జా దుకాణం 11,000 కట్టాలని హైదరాబాద్ వినియోగదారుల ఫోరం ఆదేశించింది. బిల్లులో అడగనిది కలిస్తే అక్కడే అడగండి, జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.