ఆది హిందూ ఉద్యమం - యువజనుల మనోధైర్యం

ఆది హిందూ ఉద్యమం 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలలో అస్పృశ్యులుగా పరిగణింపబడిన మాల, మాదిగ కులాలవారు నడిపిన సామాజిక ఉద్యమం. దేవాలయ ప్రవేశం లేని ఈ కులాల పిల్లలకు భజనలు, హరికథలు కలిగించిన మనోధైర్యం దీని చరిత్రలో గమనింపదగిన అంశం.

నేపథ్యం

అవమానం పేరుతోనే మొదలయ్యేది. ఈ కులాలలో వయసు మళ్ళినవారిని సైతం పేరు చివర "గాడు" చేర్చి పిలవడం పరిపాటి. ఉద్యమానికి ఆద్యుడైన మాదరి భాగయ్య (1888-1939)కు కుటుంబ గురువు భాగ్యరెడ్డి అని పేరు మార్చాడు. రెడ్డి శబ్దం "రేడు" నుండి పుట్టిందనీ, ఈ జనులే పూర్వం ఈ నేలను ఏలినవారనీ ఆ గురువు వాదన. దీని చారిత్రక సత్యం ఎట్లున్నా, తాను ఏలికల సంతతి అని విన్న బాలుడు తలవంచుకొని నడవడు. "వర్మ" అనే బిరుదు తరువాత ఆర్య సమాజం ద్వారా లభించింది.

కార్యక్రమాలు

భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి హరికథల ద్వారా ప్రచారం సాగించాడు. చదువురాని వాడలలో పుస్తకం చేయలేని పని హరికథ చేసింది. మద్యపానం, జంతుబలి, జోగిని ఆచారాలను ఖండించడం, బుద్ధ జయంతి జరపడం, తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడపడం దీనికి కొనసాగింపే. సికింద్రాబాదులో అరిగె రామస్వామి ఇటువంటి సంస్కరణ కార్యక్రమాలనే నిర్వహించాడు. గుడి వెలుపల నిలిచిన పిల్లవాడికి భజనలో గొంతు కలపడానికి చోటు, తప్పు దిద్దే పెద్దలు, తోటివారి మెప్పు దొరికాయి. 1917లో బెజవాడ సభలో "పంచమ" పదాన్ని త్రోసిపుచ్చి "ఆది ఆంధ్ర" అనే పేరు స్వీకరించారు. 1931 జనాభా లెక్కలలో నిజాం రాజ్యం "ఆది హిందూ" పేరును నమోదు చేసింది.

అమెరికాతో పోలిక

అమెరికాలోని నల్లజాతివారి చరిత్ర దీనికి దగ్గరగా ఉంటుంది. తెల్లవారి చర్చిలలో వివక్షకు గురైనవారు 1816లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ ఆలెన్ నాయకత్వాన ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిని ఏర్పరచుకున్నారు. నల్లజాతి కౌమారుల మానసిక స్థితిని పరిశీలించిన మనస్తత్వవేత్తలు చర్చి హాజరును, అంతరంగ విశ్వాసాన్ని, తోటి భక్తుల ఆదరణను వేర్వేరుగా లెక్కిస్తారు. ఎందుకనగా వీటి ఫలితాలు ఒకే తీరుగా ఉండవు. భక్తి వివక్ష తాకిడిని కొంత తగ్గించవచ్చును గాని, వివక్షను ఆపలేదు.

పరిమితులు

మద్యమాంసాల విసర్జనను గౌరవానికి షరతుగా పెట్టడం వలన, లోపం తమ అలవాట్లలోనే ఉన్నదనే భావన పిల్లలలో నాటుకొనే ప్రమాదం ఉంది. పైగా మాల, మాదిగల నడుమ అంతరం ఉద్యమంలోనూ తొలగలేదు. మాదిగలు అరుంధతీయులనే పేరుతో వేరుగా సంఘటితులయ్యారు. బయటివారి తిరస్కారం కన్న, ఆశ్రయమనుకొన్న చోట ఎదురయ్యే తిరస్కారం లేతవయసును ఎక్కువగా గాయపరుస్తుంది.