ప్యానెల్ వేడెక్కకముందు లోపల ఏం జరుగుతుంది?

వికారాబాద్, తాండూరు వైపు ఎండ ఎట్లా ఉంటదో మీకు చెప్పక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం తాండూరు బండ మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. మరి అంత ఎండకి సోలార్ ప్యానెల్ ఎంత కాగితే అంత కరెంటు రావాలి కదా? రాదండి, ఉల్టా తగ్గుతుంది. సిలికాన్ ప్యానెల్ ఒక్కో డిగ్రీ వేడెక్కితే ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. పైగా ఆ వేడిలో పెద్ద భాగం, కరెంటు కావాల్సింది కాకుండా చేజారిపోయిన శక్తే.

ఎట్లా చేజారింది? పెరోవ్‌స్కైట్ అనే కొత్తరకం పదార్థాన్ని తీసుకుందాం. గాజు మీద ద్రావణం పోసి, గిర్రున తిప్పి, కాస్త వేడి చేస్తే అర మైక్రాన్ మందం పొర వస్తుంది. అందులో ఎలక్ట్రాన్‌ని లేపడానికి 1.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. పచ్చరంగు కాంతి కణం దగ్గర 2.3 దాకా ఉంటుంది. మిగిలిన 0.7 ఏమైంది? మూసీ పుట్టే అనంతగిరి గుట్టల మీద పడ్డ నీళ్లనుకోండి. కింద ఒక్కటే చక్రం పెట్టాం. పైన ఎక్కడ పడ్డా, దొర్లుకుంటూ చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆ ఎత్తంతా వృథా. ఎలక్ట్రాన్ కూడా అంతే. చాలా పదార్థాల్లో ఒక పికోసెకను లోపే చల్లారిపోతుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు!

పెరోవ్‌స్కైట్‌లో తమాషా ఇక్కడే ఉంది. స్టీల్ గ్లాసులో చాయ్ వేడి ముందు గ్లాసుకి, తర్వాత గాలికి పోతుంది కదా. పది గ్లాసులు ఆనించి పెడితే గ్లాసులే చల్లారవు, ఇక చాయ్ ఎట్లా చల్లారుతుంది? ఎలక్ట్రాన్లు కూడా తమ వేడిని ముందు స్ఫటికం కంపనాలకి ఇస్తాయి. వేడి ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటే ఆ కంపనాలు వేడిని వదిలించుకోలేక మళ్లీ వాటికే ఇస్తాయి. దాంతో చల్లారడానికి పదుల పికోసెకన్లు పడుతుంది. 2017లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు, ఇవి వేడిగానే సుమారు 600 నానోమీటర్లు పోతాయని చూపించారు. అంటే మన పొరని దాటేంత దూరం!

దీన్ని ఎట్లా చూస్తారంటే, ఒక లేజర్ మెరుపుతో ఎలక్ట్రాన్లని లేపి, రెండో మెరుపుతో వాటి శక్తిని చదువుతారు. గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనునయ్ సామంత బృందం ఇట్లాంటి అతివేగ కొలతలే చేసింది, కాకపోతే పొరల మీద కాదు, పెరోవ్‌స్కైట్ నానో స్ఫటికాల మీద.

చల్లారకముందే పట్టుకుంటే, ఒకే పొర సెల్‌కి ఉన్న సుమారు 33 శాతం హద్దు, లెక్క ప్రకారం 66 దాకా పోవచ్చు. కానీ నన్నడిగితే తొందరపడొద్దు. లేజర్ కింద ఉన్నంత రద్దీ మామూలు ఎండలో ఉండదు. వేడి ఎలక్ట్రాన్లని మాత్రమే బయటికి లాగే పొర కూడా కావాలి, అదే కష్టమైన పని.

అందాకా మిద్దె మీద ప్యానెల్ పెట్టించేవాళ్లు, కింద గాలి ఆడేంత ఖాళీ వదలమని ఫిట్టింగ్ చేసేవాళ్లకి చెప్పండి.