నూనె కారే పాత బండికి ఇంటి వైద్యం

భీమడోలు: రాత్రి నిలిపిన మోటారు సైకిలు కింద తెల్లవారేసరికి నల్లటి మరక కనిపిస్తే చాలామంది వెంటనే స్పానరు తీసి అందిన బోల్టునల్లా బిగిస్తారు. పాత బండ్లకు దీనివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. మరలు చెడిపోతాయి, కవర్లు వంగుతాయి. చిన్న వాషరుతో పోయే పని పెద్ద ఖర్చుకు దారి తీస్తుంది.

1955లో మద్రాసులో తయారీ మొదలైన బుల్లెట్టు, మైసూరులో 1996 వరకు తయారైన యెజ్డీ, వీటితోపాటు రాజ్‌దూత్ ఉన్నవారు ఈ మరకను తేలిగ్గా తీసుకోరాదు. కారిన నూనె వెనక టైరుకు అంటితే బండి జారుతుంది. బ్రేకులోకి చేరితే బ్రేకు పట్టదు. ఏలూరు, తాడేపల్లిగూడెం వెళ్లే జాతీయ రహదారి మీద ఇది ప్రాణాంతకం.

ముందు చోటు కనిపెట్టాలి

నూనె కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. కనుక మరక ఉన్న చోటే లోపం ఉందనుకోరాదు. చల్లారిన ఇంజనును డీజిలు గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవాలి. ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లి అయిదు నిమిషాలు ఇంజను నడిపితే, నూనె పుట్టే చోట పౌడరు తడిసి కనిపిస్తుంది.

బుల్లెట్టు సంగతి

పాత బుల్లెట్టు రోజుల తరబడి కదలకుండా ఉంటే ట్యాంకులోని ఆయిలు మెల్లగా ఇంజను అడుగుకు దిగుతుంది. అప్పుడు పుల్లతో కొలిస్తే తక్కువ చూపుతుంది. తక్కువైందని మరికొంత పోస్తే, స్టార్టు చేయగానే ఎక్కువైన ఆయిలు బ్రీదరు పైపు గుండా బయటికి వస్తుంది. ఇది లీకు కాదు. ఇంజను కాసేపు నడిపి, ఆపి, కొద్ది నిమిషాల తర్వాతే కొలవాలి.

బ్రీదరు పైపు మూసుకుపోయినా లోపలి గాలి ఒత్తిడి పెరిగి ప్యాకింగుల సందుల నుంచి ఆయిలును తోసేస్తుంది. ముందు ఆ పైపు శుభ్రం చేసి చూడండి. ఎడమవైపు క్లచ్ కవరును నడుమనున్న ఒకే నట్టు పట్టి ఉంచుతుంది. దాన్ని అతిగా బిగిస్తే కవరు వంగి అంచుల వెంట కారుతుంది. మార్చవలసింది రబ్బరు సీలు.

డ్రెయిన్ బోల్టు దగ్గర కారితే వాషరు మార్చండి. రాగి వాషరయితే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది.

యెజ్డీ, రాజ్‌దూత్‌లకు

వీటిలో ఇంజను ఆయిలు పెట్రోలులోనే కలుస్తుంది. కాబట్టి కింద కారేది సాధారణంగా గేరుబాక్సు ఆయిలే. కింద చుక్క పడకుండానే ఆ ఆయిలు తగ్గిపోతూ, సైలెన్సరు నుంచి తెల్లటి పొగ దట్టంగా వస్తుంటే లోపలి సీలు పోయిందని అనుమానించాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు, మెకానిక్కుకు అప్పగించాలి.

ప్యాకింగు కోసేటప్పుడు

దళసరి కాగితంతో ప్యాకింగు కోసుకునేవారు పాతదాన్ని పక్కన పెట్టుకుని ప్రతి రంధ్రం సరిచూసుకోవాలి. బుల్లెట్టు కుడివైపు టైమింగు కవరులో ఆయిలు పారే దారులున్నాయి. అక్కడ ఒక్క రంధ్రం మరిచినా, గమ్ము ఎక్కువై దారి మూసుకున్నా ఇంజనుకు ఆయిలు అందదు. లీకు ఆగుతుంది, ఇంజను పట్టేస్తుంది. బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

తీసిన కాలిన ఆయిలును కాలువలో పోయకండి. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మన కాలువలు, డ్రెయిన్ల నీరు చివరికి చేరేది 2002లో రామ్సర్ గుర్తింపు పొందిన కొల్లేటికే. డబ్బాలో పట్టి ఉంచి, పాత ఆయిలు కొనేవారికి ఇవ్వండి.