కిటికీ వల రెండేళ్లకే ఎందుకు చిట్లింది? నైలాన్, కెవ్లార్, మన పట్టు దారం సంగతి



పోయిన ఏడాది ఒక పంటలో నాలుగో జ్వరం లేచిన పురుగులపై నల్ల మచ్చలు కనబడ్డాయి. ఊజీ. వెతికితే, షెడ్డు వెనక కిటికీకి కట్టిన నైలాన్ వల ఒక మూల చిట్లి ఉంది. గూళ్లకు బొక్కలు పడ్డాయి, మార్కెట్లో రేటు పడిపోయింది. వల కొని రెండేళ్లే అయింది, షాపువాడు నాసిరకం అంటగట్టాడని తిట్టుకున్నాను.

మా మామ ఇక్కడి స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్స్ పెట్టినప్పటి నుంచి ఈ ఊళ్లో నూలు గురించి తెలియని ఇల్లు తక్కువ. మామ ఆ వల పోగును గోటితో నలిపితే పుటుక్కున తెగింది. "దీనికి బ్లీచింగ్ ఎన్నిసార్లు కొట్టావురా?" అన్నాడు. ప్రతి పంటకీ కొట్టాను మరి! షెడ్డుకు కొట్టే మందే వలను తినేసిందని అప్పుడు తెలిసింది.

ఎందుకో చెప్తాను. ఏ దారమైనా లోపల చాలా పొడుగాటి గొలుసులే. అవి చిక్కుపడిన జుట్టులా ఉంటే దారం బలహీనం. దువ్విన జుట్టులా పొడవునా ఒకే వైపు సాగి ఉంటే గట్టిది. మిల్లులో డ్రాయింగ్ మిషను పత్తి పోగుల్ని సాగదీసి వరసలో పెడుతుంది. ఇక్కడ అదే పని కంటికి కనబడని గొలుసుల మీద జరుగుతుంది.

మన పురుగు చేసేదీ ఇదే. అది దారాన్ని ఉమ్మేస్తుందని అనుకుంటాం. నిజానికి ముందు చంద్రికకు ఒక చుక్క అంటించి, తల ఎనిమిది అంకెలా తిప్పుతూ లాగుతుంది. ఆ లాగుడుకే చిక్కటి ద్రవం దారమవుతుంది. 2002లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు పురుగు నుంచి దారాన్ని అది లాగేదానికన్నా వేగంగా లాగి చూశారు. దారం ఇంకా గట్టిగా వచ్చింది.

ఫ్యాక్టరీలు పట్టుకున్న కిటుకు కూడా సాగదీయడమే. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో కరోథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. 1940లో నైలాన్ మేజోళ్లు దేశమంతా అమ్మకానికి వచ్చాక పట్టు మేజోళ్ల గిరాకీ పోయింది, జపాన్ పట్టు రైతుకు పెద్ద దెబ్బ తగిలింది. 1965లో అదే కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే ఆమెకు పలచగా, మజ్జిగలా మసకగా ఉన్న ద్రవం ఒకటి వచ్చింది. దారం తీసే మిషను దగ్గర మనిషి, రంధ్రాలు మూసుకుపోతాయని ముందు ఒప్పుకోలేదట. ఆమె పట్టుబట్టి తీయించింది. దానిలోని గొలుసులు కట్టెపుల్లల్లా బిర్రుగా ఉండి, వాటంతట అవే వరసకు వస్తాయి. ఆ దారమే కెవ్లార్. తుపాకీ గుండు ఆపే చొక్కాలు దాంతో చేస్తారు.

తర్వాత నెదర్లాండ్స్‌లో ఇంకో వింత. మన కవర్లు చేసే పాలిథీన్ జాతిదే, కానీ చాలా పొడుగు గొలుసులున్నదాన్ని ద్రావణంలో కరిగించి, జిగురులా చేసి ఎన్నో రెట్లు సాగదీశారు. డైనీమా అనే ఆ దారంతో ఓడలు కట్టే తాళ్లు పేనుతున్నారు. నీళ్లలో తేలుతుంది. వేడికి మాత్రం ఆగదు, 150 డిగ్రీల లోపే కరిగిపోతుంది.

లెక్క మన డెనియర్‌లోనే చెప్తాను. ఒక డెనియర్ దారం తెగాలంటే పట్టుకు సుమారు 4 గ్రాముల బరువు కావాలి. నైలాన్‌కు రకాన్ని బట్టి 5 నుంచి 9, కెవ్లార్‌కు 23 దగ్గర, డైనీమాకు 30 పైన. అయితే పట్టు తెగేముందు నూటికి ఇరవై వంతుల దాకా సాగుతుంది, కెవ్లార్ మూడు నాలుగు వంతులే. బలం ఒక్కటే చూసి మన దారాన్ని తక్కువ చేయకండి.

ఇప్పుడు వల దగ్గరికి వద్దాం. పట్టు, నైలాన్, కెవ్లార్ మూడింట్లోనూ గొలుసు కడియాలను కలిపేది ఒకే జాతి ముడి, దాన్ని అమైడ్ అంటారు. బ్లీచింగ్‌లోని క్లోరిన్ ఆ ముడిని కొరికేస్తుంది. పట్టుచీరకు బ్లీచింగ్ తగలనివ్వరు కదా, కారణం ఇదే. పాలిథీన్‌లో ఆ ముడి లేదు, బ్లీచింగ్‌కు తట్టుకుంటుంది. దానికి శత్రువు ఎండ. కాబట్టి ఎండకు ఆగే యూవీ మందు కలిపిన పాలిథీన్ వల అడగండి.

షాపులో ఏ వలో తెలియకపోతే చిన్న ముక్క కత్తిరించి సబ్బునీళ్లలో ముంచి, బుడగలు పోయేదాకా నలపండి. మునిగితే నైలాన్ కావచ్చు, తేలితే పాలిథీన్ జాతి.

అలాగని బ్లీచింగ్ మానొద్దు. రోగమొస్తే పోయే పంట ముందు వల ఖరీదెంత? 0.3 శాతం సున్నపు నీళ్లలో 2 శాతం బ్లీచింగ్ పౌడర్ కలిపి ఎప్పటిలాగే కొట్టండి. నైలాన్ వల ఉన్నవాళ్లు పని అయ్యాక దాన్ని మంచినీళ్లతో బాగా కడిగి నీడలో ఆరబెట్టండి. మందునీళ్లలో నానబెట్టి మర్చిపోవద్దు.

నేను కిటికీలన్నిటికీ పాలిథీన్ వల మార్చాను. తలుపుకు మాత్రం పాత నైలాన్‌దే ఉంది. పురుగు దించే ముందు రోజు దాని నాలుగు మూలలూ గోటితో నలిపి చూస్తున్నాను.